తల ఎటు?

పుదుపేటలో పాత మోటారు సామాన్ల సందు,
మేడ మీద మా ఆఫీసు.
బోర్డు మీద మూడు భాషల్లో
'ఇరుగుపొరుగు సమితి'.
తెలుగు అక్షరాలు నేనే రాశాను,
చివరి 'తి' చోటు చాలక అంచు దాటింది.

మొదటి రెండేళ్లూ మీటింగులే.
నెలకో ఆదివారం, పన్నెండు కుర్చీలు.
గుడి నుంచొకరు, మసీదు నుంచొకరు, చర్చి నుంచొకరు,
అన్ని దారులూ ఒక్క చోటికే అనేవాళ్లు.
దారుల సంగతేమో గాని
టీ చల్లారిపోయేది.
మిగిలిన బిస్కెట్లు ఇంటికి పట్టుకెళ్లేవాణ్ణి.

తర్వాత సౌకార్‌పేట సేటొకాయన
వాళ్లమ్మ పేరు మీద ఫ్రీజర్ పెట్టె ఇచ్చాడు.
ఆరున్నర అడుగులు, పైన అద్దం, పక్కన మోటారు.
పోయినవాళ్లని పడుకోబెట్టేది.
కమిటీలో ఇద్దరు మొహం చిట్లించారు.
సెలస్టిన్ టీచరొక్కతే
పెన్సిలు చెక్కి, రిజిస్టరు తెరిచి, గళ్లు గీసింది:
తేదీ, డోర్ నంబరు, ఎన్నో అంతస్తు,
ప్లగ్గు ఉందా, మెట్లు ఇరుకా.
ఇంకో గడి గీయబోయి ఆగింది.
"వద్దులే చెంచయ్యా,
అది నువ్వెళ్లాక తెలుస్తుంది."

గడప దాటగానే నేనడిగేది ఒకటే.
తల ఎటు?

రాయపురంలో జాలరి ఇంట
సముద్రం కనపడేట్టు పెట్టు అంది ముసలిది,
పాదిరి ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు.
కాజా మొహిద్దీన్ గారింట
ముందు పెట్టే వద్దన్నారు, పొద్దు గూకేలోపు మట్టి చెయ్యాలి.
కువైట్ విమానం ఆలస్యమైంది.
సరే, నాలుగు గంటలు, నాలుగంటే నాలుగే,
మొహం పడమటికి, అద్దం మీద పువ్వులొద్దు.

ట్రిప్లికేన్‌లో అయ్యంగారింట
దక్షిణానికి, అన్నారు. దీపం తల దగ్గర.
మా నాయన ఇదే వీధిలో
పెరటి సందున వచ్చి పెరటి సందున పోయినవాడు,
చేతిలో చీపురు, నోట్లో మాట లేకుండా.
నేను నడవలో నిలబడి
వాళ్ల పెద్దాయన తల పట్టుకున్నాను.
మర్నాడు పెట్టె తోసుకుపోతుంటే
నా వెనక నీళ్లు చల్లారు.
చావు మైలకో, నాకో.
అడగలేదు.

ఊరేగింపుల వారంలో ఒక సందు మొదట్లో రాళ్లు పడ్డాయి.
అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు,
మధ్యలో నా ట్రాలీ.
"ఎవరింటికి?" పోలీసు.
"పద్దెనిమిదో నంబరు సార్, రెండో అంతస్తు, మెట్లు ఇరుకు."
నాకు తెలిసిందంతే.
మెట్లు ఇరుకన్న మాటకి
ఇటునుంచి ఇద్దరు, అటునుంచి ఒకడు వచ్చి
మూలలు పట్టారు.
మలుపు దగ్గర ఒకడి వేలు నలిగింది,
ఇంకొకడు "మెల్లగా, మెల్లగా" అన్నాడు.
దించి, ఎవరి వైపు వాళ్లు పోయారు.
చేతులేం కలపలేదు.
మీటింగులో చెప్తే చప్పట్లు కొట్టారు,
నాకెందుకో చిరాకేసింది.

మొన్న కార్తీకం వానల్లో
సెలస్టిన్ టీచరు పోయింది.
మోకాటి లోతు నీళ్లలో పెట్టె తీసుకెళ్లాను,
మోటారు తడవకుండా నా చొక్కా కప్పి.
కరెంటు లేదు.
కింద జిరాక్సు కొట్టు బషీరు జనరేటరు మోసుకొచ్చాడు,
డీజిలు వాసన, గదంతా దడదడ.
పాదిరి ఎక్కడో వరదలో చిక్కుకున్నాడు.
అలవాటుగా అడిగేశాను, తల ఎటు?
ఎవరూ మాట్లాడలేదు.
ఇరవై ఏళ్లు అందరి సంగతీ అడిగిన మనిషి,
ఆవిణ్ణి అడిగినవాళ్లు లేరు.
అంతా నావైపే చూస్తున్నారు.

కిటికీ వైపు పెట్టాను.
అక్కడినుంచి మెట్లు కనిపిస్తాయి,
ఎవరొస్తున్నారో తెలుస్తుంది.

రాత్రి రిజిస్టరులో రాశాను:
మొదటి అంతస్తు. ప్లగ్గు ఉంది, కరెంటు లేదు.
మెట్లు వెడల్పు.
గడి గీయబోయి ఆగిన చోట
పెన్సిలు చుక్క ఇంకా ఉంది.
దాని మీద వేలు పడకుండా
పేజీ తిప్పాను.